'ఉంటే' వేరు, 'ఉంటేనే' వేరు: ప్రవచనాలను సంధాయకాలతో కలిపే పద్ధతి

తర్కశాస్త్రంలో ప్రవచనాలను, అంటే సత్యమో అసత్యమో తేలే వాక్యాలను, కలపడానికో కాదనడానికో మనం వాడుకునే మాటలు (సంధాయకాలు) ఐదే. వాటి పేర్లు చెప్పి, గుర్తులు చూపించి, ఒక్కొక్కదానికి సత్యపట్టిక (ఎప్పుడు సత్యమో ఎప్పుడు అసత్యమో చూపే పట్టిక) గీయిస్తే పాఠం అరగంటలో అయిపోతుంది. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే: పట్టికను తడుముకోకుండా నింపగలిగినవారు సైతం, ఒక మామూలు తెలుగు వాక్యాన్ని ఇచ్చి గుర్తుల్లో రాయమంటే బాణం గుర్తును తారుమారుగా పెడతారు. లెక్కలో వారికి లోపమేమీ ఉండదు, వాక్యాన్ని చదవడంలోనే పొరపాటు జరిగిపోతుంది. తెలుగులో సంధాయకాలు విడి మాటలుగా కంటే క్రియల చివర, నామవాచకాల చివర అంటుకొని ఉండే ప్రత్యయాలుగానే ఎక్కువగా వస్తాయి. 'మరియు' అనే మాట పుస్తకాల్లో తప్ప నోట వినపడదు. అందుచేత ఇక్కడ పట్టికల కంటే వాక్యాన్ని విడదీసే పని మీదే ఎక్కువసేపు నిలుస్తాను.

ప్రవచనాన్ని గుర్తించడం, అక్షరం పెట్టడం

సత్యమో అసత్యమో, రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే కాగలిగిన వాక్యాన్ని ప్రవచనం అంటారు. 'తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది' అనేది సత్య ప్రవచనం. 'శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని 1964లో స్థాపించారు' అనేది అసత్యం, ఎందుకంటే దాన్ని స్థాపించింది 1954లో. అసత్యమైనంత మాత్రాన అది ప్రవచనం కాకుండా పోదు. 'తిరుమలకు ఆఖరి బస్సు ఎన్నింటికి?' అనేది ప్రశ్న, 'చెప్పులు బయట విడవండి' అనేది ఆజ్ఞ, 'తోతాపురి కంటే బేనిషాయే రుచి' అనేది అభిప్రాయం. చిత్తూరు రైతులు ఈ చివరిదాన్ని అభిప్రాయమంటే ఒప్పుకోకపోవచ్చు గాని, తర్కానికి ఈ మూడూ పనికిరావు. 'ఆ సంఖ్య 5 కంటే పెద్దది' అనే వాక్యంలో ఏ సంఖ్యో చెప్పలేదు కాబట్టి, ఆ సంఖ్య తెలిసేదాకా అది కూడా ప్రవచనం కాదు.

ప్రవచనాన్ని గుర్తించాక దానికి ఒక అక్షరం పెట్టుకోవాలి. ఇక్కడ క, గ, చ అనే అక్షరాలు వాడుతున్నాను. అక్షరం పెట్టే ముందు వాక్యాన్ని కర్తా క్రియా ఉన్న పూర్తి వాక్యంగా, వీలైనంతవరకు 'లేదు', 'కాదు' లేకుండా రాసుకోవడం మేలు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనుక రెండు మూడు ప్రవచనాలు ఒకే క్రియను పంచుకుంటాయి. 'చంద్రగిరిలోనూ గుర్రంకొండలోనూ కోటలున్నాయి' అనే వాక్యంలో క్రియ ఒక్కటే కనిపించినా ప్రవచనాలు రెండు: 'చంద్రగిరిలో కోట ఉంది' అనేది క, 'గుర్రంకొండలో కోట ఉంది' అనేది గ. అయితే ఇలా ప్రతిదాన్నీ చీల్చకూడదు. '5, 7 ప్రధాన సంఖ్యలు' అనే వాక్యం రెండుగా విడిపోతుంది. '8, 9 సాపేక్ష ప్రధాన సంఖ్యలు' (1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి) అనేది విడిపోదు, ఎందుకంటే అది ఆ రెండు సంఖ్యల మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతోంది. '8 సాపేక్ష ప్రధాన సంఖ్య' అనే మాటకు అర్థమే లేదు. విడదీసిన ప్రతి ముక్కనూ ఒంటరిగా చదివి, అది సత్యమా అసత్యమా అని అడగడానికి వీలుంటేనే దానికి అక్షరం పెట్టాలి.

నిషేధం

నిషేధానికి గుర్తు ~. క సత్యమైతే ~క అసత్యం, క అసత్యమైతే ~క సత్యం. పట్టిక అంతటితో సరి. జాగ్రత్తపడవలసింది 'అందరూ', 'అన్నీ' అనే మాటలున్నచోట. 'తరగతిలో అందరూ పాసయ్యారు' అనే ప్రవచనానికి నిషేధం రాయమంటే చాలామంది 'తరగతిలో అందరూ పాసు కాలేదు' అని రాసి ఊరుకుంటారు. ఆ వాక్యాన్ని ఇద్దరు రెండు విధాలుగా చదవగలరు: ఒక్కరూ పాసు కాలేదని ఒకరు, కొందరు తప్పారని మరొకరు. 40 మందిలో 39 మంది పాసైన తరగతిని తీసుకుంటే మొదటి అర్థంలో ఆ వాక్యం అసత్యం, రెండో అర్థంలో సత్యం. కాబట్టి ముందుగా వాక్యం మొత్తానికీ చివర 'అన్నది నిజం కాదు' అని తగిలించాలి: 'తరగతిలో అందరూ పాసయ్యారన్నది నిజం కాదు.' తరువాత దాన్ని 'తరగతిలో కనీసం ఒకరు పాసు కాలేదు' అని విప్పుకోవాలి. అలాగే 'కనీసం ఒకరు పాసయ్యారు' అనేదానికి నిషేధం 'ఒక్కరూ పాసు కాలేదు'.

వ్యతిరేక పదం పెట్టినంత మాత్రాన నిషేధమైపోదు. 'ఈ సంఖ్య ధనాత్మకం' అనేదానికి 'ఈ సంఖ్య ఋణాత్మకం' అని రాస్తే సున్నా రెండింటికీ చెందకుండా బయట మిగిలిపోతుంది. 'ఈ సంఖ్య సున్నా లేదా ఋణాత్మకం' అని రాయాలి.

'ఊ', 'ఓ': కలపడంలో రెండు తీరులు

రెండు ప్రవచనాలూ సత్యమైతేనే సత్యమయ్యే సంయుక్త ప్రవచనాన్ని సంయోజనం అంటారు, గుర్తు ∧. తెలుగులో దీని ప్రధాన ప్రత్యయం 'ఊ', పైన చంద్రగిరి వాక్యంలో చూసినట్లు. కామా పెట్టి ఊరుకున్నా అర్థం అదే. 'వర్షం పడింది, కానీ చెరువు నిండలేదు', 'వర్షం పడినా చెరువు నిండలేదు' అనే రెండు వాక్యాలనూ క ∧ ~గ అనే రాయాలి. 'కానీ', 'అయినా' అనే మాటల్లో ఉండే ఆశ్చర్యం, నిరాశ వంటివి గుర్తుల్లోకి రావు. తర్కానికి కావలసింది వాన పడిందా, చెరువు నిండిందా అన్న రెండు సంగతులే.

కనీసం ఒకటి సత్యమైతే సత్యమయ్యేది వియోజనం, గుర్తు ∨. 'లేదా', 'గానీ... గానీ', 'ఓ... ఓ' అనేవి దీనికి గుర్తులు. రెండూ సత్యమైనప్పుడు కూడా వియోజనం సత్యమేనన్న సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. 'రెండు వాస్తవ సంఖ్యల లబ్ధం సున్నా అయితే మొదటిది గానీ రెండోది గానీ సున్నా' అనే నియమంలో రెండూ సున్నా కావడానికి అడ్డేమీ లేదు. వాడుకలో మాత్రం ఏదో ఒకటే అనే అర్థం వచ్చే సందర్భాలున్నాయి. కొండకు నడిచి వెళ్లే భక్తుడు అలిపిరి మెట్ల దారినో శ్రీవారి మెట్టు దారినో ఎక్కుతాడన్నప్పుడు, ఒకే మారు రెండు దారుల్లోనూ ఎక్కడం కుదరదు. అటువంటి 'లేదా'ను రాయవలసి వస్తే (క ∨ గ) ∧ ~(క ∧ గ) అని విడమరచి రాయాలి. గణితంలో ఏ వివరణా లేకుండా 'లేదా' అని ఉంటే రెండూ కావచ్చునన్న అర్థాన్నే తీసుకోవాలి.

ఇప్పుడు 'ఊ' ఉన్న ప్రతిచోటా ∧ పెట్టేవారిని తప్పుదారి పట్టించే వాక్యమొకటి చూద్దాం. తిరుమలలో 65 ఏళ్లు దాటిన వృద్ధులకూ దివ్యాంగులకూ ప్రత్యేక దర్శనం ఉంటుందన్నది భక్తులకు తెలిసిన సంగతి. ఒక వ్యక్తిని దృష్టిలో పెట్టుకొని, 'ఈ వ్యక్తి 65 ఏళ్లు దాటినవారు' అనేది క, 'ఈ వ్యక్తి దివ్యాంగులు' అనేది గ, 'ఈ వ్యక్తి ఆ దర్శనానికి అర్హులు' అనేది చ అనుకుందాం. 'వృద్ధులకూ దివ్యాంగులకూ' అని రెండు 'ఊ'లు కనిపించాయి కదా అని (క ∧ గ) ⇒ చ అని రాస్తే (బాణాన్ని ప్రస్తుతానికి 'అయితే' అని చదువుకోండి), వృద్ధాప్యం, వైకల్యం రెండూ ఉన్నవారి గురించి మాత్రమే చెప్పినట్లవుతుంది. మామూలు ఆరోగ్యంతో ఉన్న 70 ఏళ్ల అవ్వను వెనక్కి పంపినా ఆ ప్రవచనం చెక్కుచెదరదు. వాక్యం చెప్పదలచుకున్నది అది కాదని ఎవరికైనా తెలుసు.

నిజానికి ఆ 'ఊ' కలుపుతున్నది రెండు నియమాలను: వృద్ధులకు అర్హత ఉంది, దివ్యాంగులకూ అర్హత ఉంది. గుర్తుల్లో (క ⇒ చ) ∧ (గ ⇒ చ). దీన్నే ఒక్క నియమంగా కుదిస్తే (క ∨ గ) ⇒ చ అవుతుంది. మాటల్లో ∧ గా ఉన్నది బాణానికి ఎడమవైపుకు చేరేసరికి ∨ గా మారిపోయింది. రెండూ ఒకటేనని సత్యపట్టికతో తేల్చుకోవచ్చు. అక్షరాలు మూడు కాబట్టి వరుసలు 2 × 2 × 2 = 8. సత్యానికి స, అసత్యానికి అ అని రాస్తే, క, గ, చ విలువల పక్కన (క ⇒ చ) ∧ (గ ⇒ చ), (క ∨ గ) ⇒ చ, (క ∧ గ) ⇒ చ అనే మూడింటి విలువలు ఇలా వస్తాయి:

క గ చ : మొదటిది, రెండోది, మూడోది
స స స : స, స, స
స స అ : అ, అ, అ
స అ స : స, స, స
స అ అ : అ, అ, స
అ స స : స, స, స
అ స అ : అ, అ, స
అ అ స : స, స, స
అ అ అ : స, స, స

మొదటి రెండు నిలువు వరుసలూ అన్నిచోట్లా కలిశాయి, అంటే ఆ రెండు ప్రవచనాలూ తార్కికంగా సమానం. మూడోది నాలుగో వరుసలో, ఆరో వరుసలో విడిపోయింది. నాలుగో వరుస వెనక్కి పంపిన ఆ అవ్వది, ఆరో వరుస దివ్యాంగుడైన యువకుడిది. పట్టిక గీసినప్పుడు ఇలా తేడా వచ్చిన వరుసలో నిలబడిన మనిషి ఎవరో ఊహించుకుంటే, మనం రాసింది సరైన నియమమో కాదో వెంటనే తేలిపోతుంది.

బాణం ఎటు

పై పట్టికలో ⇒ గుర్తును పూర్తిగా వివరించకుండానే వాడాను. దాన్ని అనుషంగికం అంటారు. క ⇒ గ అంటే 'క అయితే గ'. క సత్యమై, గ అసత్యమైనప్పుడు మాత్రమే అది అసత్యం. మిగిలిన మూడు వరుసల్లోనూ సత్యం. క అసత్యమైనప్పుడు మొత్తం ఎలా సత్యమవుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. క్రీ.పూ. 300 ప్రాంతంలో మెగారాకు చెందిన ఫైలో ఈ అర్థం చెప్పినప్పుడు గ్రీకులు కూడా దీని మీద వాదులాడుకున్నారు. మన వైపు మనిషికి దీన్ని కాణిపాకం గుడిలో చేసే ప్రమాణంతో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది.

డబ్బు తగాదాలో ఒకాయన వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి 'నేను ఆ డబ్బు తీసుకొని ఉంటే నా కళ్లు పోవాలి' అని ప్రమాణం చేశాడనుకుందాం. 'డబ్బు తీసుకున్నాడు' అనేది క, 'కళ్లు పోయాయి' అనేది గ. తీసుకున్నాడు, కళ్లూ పోయాయి: ప్రమాణం నిజమైంది. తీసుకున్నాడు, కళ్లు నిక్షేపంగా ఉన్నాయి: ప్రమాణం అబద్ధమైంది, అబద్ధమయ్యే వరుస ఇదొక్కటే. తీసుకోలేదు, కళ్లు బాగున్నాయి: ప్రమాణానికి భంగమేమీ లేదు. ఇక నాలుగోది, డబ్బు తీసుకోలేదు గాని పదేళ్ల తరువాత శుక్లాలు ముదిరి చూపు పోయింది. అప్పుడు కూడా ప్రమాణం తప్పు కాలేదు, ఎందుకంటే తీసుకోకపోతే కళ్లు ఉంటాయని ఆయన ఎన్నడూ అనలేదు. చూపు పోయింది కాబట్టి ఆ డబ్బు తీసే ఉంటాడని ఊరు గుసగుసలాడితే, ఆ ఊరు క ⇒ గ అనే దాన్ని గ ⇒ క అని చదివినట్లు. తర్కంలో ఇలా తిరగేసిన ప్రవచనాన్ని విపర్యయం అంటారు. అసలు ప్రవచనం సత్యమైనా విపర్యయం సత్యం కావాలన్న నియమం లేదు.

అదే ప్రమాణాన్ని నమ్మినవారు 'కళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి తీసుకోలేదు' అని నిర్ణయిస్తే అది సరైన తర్కం. ~గ ⇒ ~క అనే ఈ రూపం ప్రతివర్తితం. అసలు ప్రవచనానికీ ప్రతివర్తితానికీ సత్యపట్టికలో తేడా ఉండదు. 'వాడు పాసైతే నేను సగం మీసం తీయించుకుంటా' అని పందెం కాసేవాడు వాడుకునేది కూడా ఇదే: తన మీసం ఎక్కడికీ పోదు, కనుక వాడు పాసు కాడు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అనే సామెత మొత్తం ప్రతివర్తిత రూపంలోనే ఉంది. తిరగేస్తే 'పొగ ఉంటే నిప్పు ఉంది' అని వస్తుంది. తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం (భారతీయ తర్కం) చదివేవారు కొండ మీది పొగను చూసి నిప్పు ఉందని ఊహించి తేల్చే ఉదాహరణతోనే మొదలుపెడతారు. వారి పద్ధతి వేరు, అందులో వ్యాప్తికి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమానికి, దృష్టాంతం కూడా చూపించాలి. కానీ బాణం దిశ మాత్రం ఇక్కడిదే, పొగ నుంచి నిప్పుకు. నిప్పు నుంచి పొగకు వెళ్లడం కుదరదని నైయాయికులు సైతం ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించి చెబుతారు, అందులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. 'టికెట్ ఉంటే లోపలికి పంపుతారు' అనే వాక్యంలో 'టికెట్ ఉంది' క, 'లోపలికి పంపుతారు' గ. ఇది క ⇒ గ. 'టికెట్ ఉంటేనే లోపలికి పంపుతారు' అనే వాక్యంలో ఒక్క 'ఏ' చేరింది, బాణం తిరగబడింది: గ ⇒ క. లోపలికి వెళ్లిన ప్రతివాడి దగ్గరా టికెట్ ఉందని దాని అర్థం. టికెట్ ఉన్న ప్రతివాడినీ పంపి తీరుతారన్న హామీ అందులో లేదు. మత్తులో తూలుతూ వచ్చినవాడిని టికెట్ ఉన్నా ఆపవచ్చు, అయినా వాక్యం సత్యంగానే ఉంటుంది. 'టికెట్ ఉన్నవాళ్లనే పంపుతారు', 'ఉన్నవాళ్లను మాత్రమే పంపుతారు', 'టికెట్ లేనిదే పంపరు', 'టికెట్ ఉంటే తప్ప పంపరు' అనేవన్నీ గ ⇒ క కిందికే వస్తాయి. కనుక 'తే' కనపడగానే బాణం వేసేయకుండా, దాని వెనుక 'నే' ఉందా, వాక్యంలో 'మాత్రమే', 'లేనిదే', 'తప్ప' వంటివి ఉన్నాయా అని ముందు చూడాలి. ఉంటే, 'ఏది జరిగిందని తెలిస్తే దేన్ని నిస్సందేహంగా చెప్పగలను?' అని ప్రశ్నించుకోవాలి. తెలిసినది బాణానికి ఎడమవైపు, చెప్పగలిగినది కుడివైపు.

గణితంలో దీని విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఏ పూర్ణసంఖ్యకైనా వర్తించేటట్లు చెబుతూ, 'సంఖ్యను 4 నిశ్శేషంగా భాగిస్తే 2 కూడా భాగిస్తుంది', 'సంఖ్యను 2 భాగిస్తేనే 4 భాగిస్తుంది' అంటే రెండు వాక్యాలూ ఒకటే, రెండూ సత్యం. 'సంఖ్యను 2 భాగిస్తే 4 కూడా భాగిస్తుంది' అనేది అసత్యం, 6 అందుకు చాలు. 2 భాగించడం 4 భాగించడానికి ఆవశ్యక నియమం (అది లేనిదే కుదరదు), 4 భాగించడం 2 భాగించడానికి పర్యాప్త నియమం (అది ఉంటే చాలు). బాణం మొదట ఉన్నది పర్యాప్తం, బాణం మొన దగ్గర ఉన్నది ఆవశ్యకం అని గుర్తుంచుకుంటే పరీక్షలో తడబాటు ఉండదు.

రెండు దిశల్లోనూ బాణం సత్యమైతే ⇔ గుర్తు పెడతారు, దీన్ని ద్విముఖ అనుషంగికం అంటారు. 'ఒక సంఖ్యలోని అంకెల మొత్తాన్ని 3 భాగిస్తే, భాగిస్తేనే ఆ సంఖ్యను 3 భాగిస్తుంది' అనేటప్పుడు 'భాగిస్తే' ఒక బాణాన్ని, 'భాగిస్తేనే' దానికి ఎదురు బాణాన్ని ఇస్తున్నాయి. రెండు వైపులా విలువలు ఒకటే అయినప్పుడు ఇది సత్యం, వేరైనప్పుడు అసత్యం. ఇంట్లో 'ఫస్టు క్లాసు వస్తే సైకిల్ కొనిస్తా' అన్న తండ్రి మనసులో ఉన్నది చాలావరకు ⇔ అయినా, అతడు అన్న మాట ⇒ మాత్రమే. గణితంలో మనసులోని మాటకు లెక్క లేదు, రాసిన మాటనే తీసుకోవాలి.

బ్రాకెట్లూ, నిషేధాన్ని లోపలికి తీసుకుపోవడమూ

సంధాయకాలు రెండు మూడు కలిసినప్పుడు బ్రాకెట్ లేకపోతే మొదట ~, ఆ పైన ∧, తరువాత ∨, తరువాత ⇒, చివరికి ⇔ అనే క్రమాన్ని చాలా పుస్తకాలు పాటిస్తాయి. అన్ని పుస్తకాలూ ∧ కు ∨ కంటే ముందు స్థానం ఇవ్వవు కనుక, నా సలహా ఆ క్రమాన్ని నమ్ముకోకుండా బ్రాకెట్లు పెట్టడమే. ఒక బ్రాకెట్ ఎక్కువైతే నష్టమేమీ లేదు.

బ్రాకెట్ బయట నిషేధం ఉన్నప్పుడు దాన్ని లోపలికి తీసుకుపోయే సూత్రాలు గణితవేత్త ఆగస్టస్ డి మోర్గాన్ పేరుతో ప్రసిద్ధం. ఆయన ఆంగ్లేయుడే గాని పుట్టింది మనకు దగ్గరలోని మదురైలో, 1806లో. ~(క ∧ గ) అంటే ~క ∨ ~గ; ~(క ∨ గ) అంటే ~క ∧ ~గ. నిషేధం లోపలికి అడుగుపెట్టగానే ∧ పోయి ∨ వస్తుంది, ∨ పోయి ∧ వస్తుంది. ⇒ ముందు నిషేధం ఉంటే సంగతి వేరు. ~(క ⇒ గ) ను చాలామంది క ⇒ ~గ అని రాస్తారు, అది తప్పు. బాణం అబద్ధమయ్యే వరుస ఒక్కటే కాబట్టి ఆ వరుసనే రాయాలి: క ∧ ~గ. ప్రమాణం అబద్ధమైందంటే, డబ్బూ తీసుకున్నాడు, కళ్లూ పోలేదు.

వీటికి పొలంలోనూ పని ఉంది. చిత్తూరు వైపు మెట్ట పొలాల్లో బోరు మోటారు మూడు ఫేజుల కరెంటు మీద నడుస్తుంది. మంచి ఆటో స్టార్టర్ బిగించిన చోట మూడు ఫేజులూ ఉంటేనే మోటారు ఆన్ అవుతుంది. ఫేజులు ఉండటాన్ని వరుసగా క, గ, చ అనీ, మోటారు ఆన్ కావడాన్ని మ అనీ అంటే, 'ఉంటేనే' ఉంది కాబట్టి మ ⇒ (క ∧ గ ∧ చ). ప్రతివర్తితం తీసుకొని డి మోర్గాన్ సూత్రం వాడితే (~క ∨ ~గ ∨ ~చ) ⇒ ~మ, అంటే ఏ ఒక్క ఫేజు పోయినా మోటారు ఆన్ కాదు. రైతుకు ఇక్కడే మరో ఉపయోగం ఉంది. మోటారు ఆన్ కాలేదు కాబట్టి ఫేజే పోయిందని తేల్చడానికి ఈ ప్రవచనం వీలివ్వదు, ఎందుకంటే అది విపర్యయాన్ని పట్టుకోవడమే అవుతుంది. మూడు ఫేజులూ ఉండి ఫ్యూజు పోయి ఉండవచ్చు, వైండింగ్ కాలి ఉండవచ్చు. స్విచ్చులను వరుసగా కలిపితే ∧, పక్కపక్కన కలిపితే ∨ అవుతుందని, అంతకుముందు గణితవేత్త జార్జ్ బూల్ తర్కానికి కట్టిన బీజగణితాన్ని విద్యుత్ వలయాలకు అన్వయించి 1937లో చూపించినవాడు క్లాడ్ షానన్. కంప్యూటర్ చిప్పులో ∧, ∨, ~ పనులు చేసే చిన్న వలయాలైన గేట్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా

'హాల్‌టికెట్టుతో పాటు ఆధార్ కార్డు గానీ ఓటరు కార్డు గానీ ఉంటేనే పరీక్ష గదిలోకి అనుమతిస్తారు' అనే సూచనను తీసుకుందాం. మొదట అక్షరాలు: హాల్‌టికెట్టు ఉంది (హ), ఆధార్ కార్డు ఉంది (ఆ), ఓటరు కార్డు ఉంది (ఓ), లోపలికి అనుమతిస్తారు (ల). తరువాత ప్రత్యయాలు: 'తో పాటు' అంటే ∧, 'గానీ... గానీ' అంటే ∨, 'ఉంటేనే' అంటే బాణం ల నుంచి బయలుదేరాలి. ఆపైన బ్రాకెట్లు: 'గానీ... గానీ' రెండు కార్డులనే కలుపుతోంది, హాల్‌టికెట్టును తాకడం లేదు. కాబట్టి ల ⇒ (హ ∧ (ఆ ∨ ఓ)).

ప్రతివర్తితం తీసి నిషేధాన్ని రెండు అంచెల్లో లోపలికి తీసుకుపోతే (~హ ∨ (~ఆ ∧ ~ఓ)) ⇒ ~ల వస్తుంది. దీన్ని తెలుగులో చదువుకుంటే, హాల్‌టికెట్టు లేకపోయినా, లేదా రెండు కార్డుల్లో ఏదీ లేకపోయినా లోపలికి పంపరని అర్థం. గేటు దగ్గర నిలబడిన విద్యార్థి హాల్‌టికెట్టూ ఆధారూ చేత్తో పట్టుకొని, సూచన ప్రకారం తనను పంపి తీరాలని వాదిస్తే ఆ వాదన నిలవదు. సూచనలో ఉన్నది ఆవశ్యక నియమమే, సమయం మించి వచ్చినవారిని ఆపడానికి అది అడ్డు రాదు. హాల్‌టికెట్టు లేనివాడిని పంపితే మాత్రం సూచనను ఉల్లంఘించినట్లే.

అక్షరాలు నాలుగు కాబట్టి పట్టికకు 16 వరుసలు కావాలి, కానీ అన్నీ గీయనవసరం లేదు. బాణం అసత్యమయ్యేది ల సత్యమై బ్రాకెట్ అసత్యమైనప్పుడే. ల అసత్యమైన 8 వరుసలనూ చూడకుండానే సత్యం అని రాసుకోవచ్చు. మిగిలిన 8 లో హ ∧ (ఆ ∨ ఓ) సత్యమయ్యేవి మూడు: హాల్‌టికెట్టుతో రెండు కార్డులూ, హాల్‌టికెట్టుతో ఆధార్ ఒక్కటే, హాల్‌టికెట్టుతో ఓటరు కార్డు ఒక్కటే. అందుచేత మొత్తం ప్రవచనం 5 వరుసల్లో అసత్యం, 11 వరుసల్లో సత్యం. ఇదే ప్రవచనంలో బ్రాకెట్ జారిపోయి (హ ∧ ఆ) ∨ ఓ అని పడితే అసత్య వరుసలు 3 కు తగ్గుతాయి. తేడా వచ్చిన రెండు వరుసల్లో నిలబడిన విద్యార్థులను చూస్తే, ఇద్దరి దగ్గరా ఓటరు కార్డు ఉంది, ఇద్దరి దగ్గరా హాల్‌టికెట్టు లేదు, ఒకరి దగ్గర అదనంగా ఆధార్ ఉంది. సూచన ప్రకారం ఇద్దరినీ లోపలికి పంపకూడదు. బ్రాకెట్ జారిన రూపం ప్రకారం పంపినా తప్పు లేదు.